వ్యాంపైరా, తోడేలా, కాలప్రయాణమా? పారానార్మల్ రొమాన్స్‌లో ఎవరు దేనితో మొదలుపెట్టాలి

ఒడిశా పర్లాకిమిడిలో నా బీరువాలోంచి పుస్తకాలు పట్టుకెళ్ళే అమ్మాయిలూ, వాళ్ళ అమ్మలూ అడిగేది దాదాపు ఒకటే: "వ్యాంపైర్‌ది మంచిదేదైనా ఉంటే ఇవ్వండి." తోడేళ్ళవి కావాలనేవాళ్ళు కొందరు. టీవీలో సిరీస్ చూసొచ్చి కాలప్రయాణం అడిగేవాళ్ళు ఇంకొందరు. పారానార్మల్ రొమాన్స్ అంటే నెత్తురు తాగే వ్యాంపైర్లూ, తోడేళ్ళుగా మారే మనుషులూ, దెయ్యాలూ, మాయలూ ఉన్న ప్రేమకథలు. కోరలున్నాయా, తోకుందా అని చూసి ఈ నవలలు ఎంచుకుంటే చేతికొచ్చినవాటిలో సగం మధ్యలోనే మూలపడతాయి. నేనైతే చూసేది షరతు.

షరతంటే మరేం లేదు. మనిషి కానివాడితో ప్రేమ అన్నాక, వాడు మనిషి కాకపోవడం వల్ల ఏదో ఒకటి అడ్డం పడాలి. మన పాతకథలు ఈ సంగతి బాగా ఎరిగినవి. ఊర్వశి పురూరవుడి దగ్గరికి ఊరికే రాలేదు. నా పొట్టేళ్ళని కాపాడాలి, నువ్వు దిగంబరంగా నా కంట పడకూడదు అని ముందే చెప్పి వచ్చింది. గంధర్వులు పొట్టేళ్ళని ఎత్తుకుపోతుంటే ఆయన బట్ట కట్టుకోకుండానే లేచి పరిగెత్తాడు, మెరుపు మెరిసింది, ఆవిడ మాయమైపోయింది. వాళ్ళిద్దరి సంవాదం ఋగ్వేదంలోనే, 10వ మండలం 95వ సూక్తంలో ఉంది. గంగ కూడా అంతే, ఏం చేసినా ఎందుకని అడగొద్దంది. శంతనుడు ఎనిమిదో బిడ్డ దగ్గర అడిగేశాడు. ఆ షరతులు తీసేస్తే ఈ కథల్లో మిగిలేది ఒక రాజుగారి కాపురం, అంతే.

ఇంగ్లిష్ పారానార్మల్ రొమాన్స్‌కీ నా పరీక్ష అదే. నాయకుడి కోరలు పీకేసి, వాణ్ణి బరంపురంలో రెండు పట్టుచీరల షాపులున్న మనిషిగా మార్చి చూడండి. కథ అలాగే నడిచిపోతే అందులో మాయ వట్టి మేకప్. నడవకపోతే కొనండి.

కోరలవాళ్ళు

ఎక్కువమంది మొదలుపెట్టేది స్టెఫనీ మేయర్ 'ట్విలైట్'తో. 2005లో వచ్చింది, 2008కల్లా నాలుగు భాగాలూ అయిపోయాయి. ఎప్పుడూ ముసురు పట్టి ఉండే ఫోర్క్స్ అనే చిన్న ఊరు, అక్కడికి తండ్రి దగ్గర ఉండడానికి వచ్చిన పదిహేడేళ్ళ బెల్లా. 1918 ఇన్‌ఫ్లుయెంజాలో చావబోతూ వ్యాంపైర్‌గా మారి, పదిహేడు దగ్గరే వయసాగిపోయిన ఎడ్వర్డ్. అతను అందరి మనసులూ వినగలడు, ఈ పిల్ల మనసు ఒక్కటే వినపడదు. ఈ పిల్ల నెత్తురు వాసన మాత్రం ఎవరిదీ లాగనంతగా లాగుతుంది. దగ్గరికొస్తే చంపేస్తానేమోనన్న భయం, దూరంగా ఉంటే ఉండలేకపోవడం. షరతు గట్టిదే. అందుకే ఎంతమంది వెక్కిరించినా ఆ పుస్తకం నిలబడింది.

రెండో భాగంలో అతను వదిలేసి పోయాక ఒక్కో పేజీలో అక్టోబర్, నవంబర్, డిసెంబర్, జనవరి అని నెల పేరు తప్ప ఇంకేమీ ఉండదు. నాలుగు నెలలు బెల్లాకి ఏమైందో రచయిత్రి ఒక్క ముక్క చెప్పదు. చెప్పక్కర్లేదు కూడా. నా కాపీ పట్టుకెళ్ళిన ఒకావిడ అచ్చు తప్పు పడిందనుకుని మర్నాడే తెచ్చిచ్చేసింది.

నాకు గిట్టనిది వేరే ఉంది. రాత్రిళ్ళు ఆ పిల్లకి తెలియకుండా గదిలోకి దూరి, నిద్రపోతుంటే చూస్తూ కూర్చుంటాడు. దాన్ని పుస్తకం ప్రేమ కింద లెక్కేస్తుంది. మా వీధిలో ఎవడైనా ఆ పని చేస్తే కాళ్ళు విరగ్గొట్టి స్టేషన్‌లో అప్పజెప్తారు. పదిహేనేళ్ళ అమ్మాయికి 'ట్విలైట్' ఇవ్వొచ్చా అని తల్లులు అడిగితే, ఇవ్వండి, పచ్చిగా ఏమీ లేదు, పడకగది దాకా వెళ్ళేది పెళ్ళయ్యాకే, అంటాను. ఆ కిటికీ సంగతి మాత్రం పక్కన కూచుని మాట్లాడమంటాను.

పెద్దవాళ్ళు అడిగితే నేను తీసిచ్చేది షార్లెయిన్ హారిస్ రాసిన సూకీ స్టాక్‌హౌస్ కథలు. మొదటిది 'డెడ్ అంటిల్ డార్క్', 2001. లూసియానాలో బాన్ టెంప్స్ అనే కల్పిత ఊరు, అక్కడి బార్‌లో వడ్డించే సూకీ. చిన్నప్పట్నుంచీ ఎదుటివాళ్ళ మనసులో మాటలన్నీ చెవిలో పడుతూనే ఉంటాయి. గ్లాసు అందించేలోపు వాడు తన గురించి ఏమనుకుంటున్నాడో తెలిసిపోతుంది. అలాంటి పిల్లకి ఏ మగవాడితో స్నేహం కుదురుతుంది? జపాన్ వాళ్ళు కృత్రిమ రక్తం కనిపెట్టాక వ్యాంపైర్లు చాటు వదిలి జనంలోకి వస్తారు, వాళ్ళలో బిల్ అనేవాడు ఒకరాత్రి ఆ బార్‌కి వస్తాడు. అతని బుర్రలోంచి ఒక్క మాటా వినపడదు. సూకీకి కావాల్సింది అదే, ఆ నిశ్శబ్దం.

రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టండి. 'ట్విలైట్'లో మగవాడికి ఆడపిల్ల మనసు వినపడకపోవడం అతనికి పంతం. ఇక్కడ ఆడపిల్లకి మగవాడి మనసు వినపడకపోవడం ఆమెకి విశ్రాంతి. అత్తా ఆడపడుచుల మధ్య ఉమ్మడి కాపురం చేసినవాళ్ళు సూకీని ఒక్క పేజీలో అర్థం చేసుకుంటారు. పైగా ఇందులో హాస్యం ఉంది, హత్యలున్నాయి, జీతం చాలని బతుకుంది. నేను వ్యాంపైర్ల ఓటు సూకీకే వేస్తాను.

జె.ఆర్. వార్డ్ రాసిన కండలవీరుల సిరీస్ గురించి అడుగుతుంటారు, 2005లో 'డార్క్ లవర్'తో మొదలైంది. తోలుజాకెట్లు, కత్తులు, వేడివేడి పడకగది, నాయకుల పేర్ల నిండా అక్కర్లేని హెచ్ అక్షరాలు. సరదాకి ఒకటి చదవొచ్చు. బీరువాలో వెనక వరసలో పెట్టుకోండి, ఇంటికొచ్చిన చుట్టాలు ముందుగా తీసేది అదే.

తోడేళ్ళు, చిరుతలు, జతబంధం

రూపం మార్చే మనుషుల కథల్లో పేచీ అంతా ఒకచోటే ఉంది. వాసన చూడగానే "ఇది నా జత" అని మృగానికి తెలిసిపోతుందట, ఇక ఆమె ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా రాసిపెట్టి ఉన్నట్టే. పెళ్ళిచూపుల్లో అవతలివాళ్ళు నచ్చిందన్నాక ఇక మనల్ని అడిగేదేముంది అన్న ధోరణే ఇది, దానికి రోమాలు మొలిపించారు. 'ట్విలైట్' చివరి భాగంలో తోడేలు కుర్రాడు అప్పుడే పుట్టిన పసిపాపకి జతబంధం వేసుకుంటాడు. ఆ పేజీ చదివి నేను పుస్తకం బోర్లించి వెళ్ళి టీ పెట్టుకున్నాను.

ఎంపిక లేని చోట మాయ ఎంత అందంగా ఉన్నా లోపల మోసం ఉంటుందని పెద్దన గారికి 16వ శతాబ్దంలోనే తెలుసు. 'మనుచరిత్ర'లో వరూధిని కోరుకున్నది ప్రవరుణ్ణి. పాదలేపం కరిగిపోయి హిమాలయాల్లో చిక్కుకున్న ఆ బ్రాహ్మడు అగ్నిదేవుణ్ణి వేడుకుని ఇంటికి చేరిపోయాడు. ఆమె అంతకుముందు కాదన్న గంధర్వుడు ప్రవరుడి రూపం వేసుకొచ్చాడు, కళ్ళు మూసుకునే ఉండాలని షరతు పెట్టి మరీ. పద్యాలు నోరూరిస్తాయి. ఆవిడకి నిజం ఎప్పటికీ తెలియకపోవడం మాత్రం నాకు ముల్లులా గుచ్చుకుంటుంది.

ఈ జాతిలో నా ఇష్టం పాట్రీషియా బ్రిగ్స్ రాసిన మెర్సీ థాంప్సన్. 2006లో వచ్చిన 'మూన్ కాల్డ్' మొదటిది. మెర్సీ వోక్స్‌వ్యాగన్ కార్లు బాగుచేసే మెకానిక్, నక్కలాంటి కొయొటీగా మారుతుంది. పక్కింటివాడు ఆడమ్ తోడేళ్ళ నాయకుడు, చుట్టూ ఉన్నవాళ్ళంతా అతని మాటకి తలవంచేవాళ్ళే. ఈవిడ వంచదు. అతను దర్జాగా హుకుం జారీ చేసినప్పుడల్లా తన పెరట్లో అతనికి కనపడేలా ఒక తుక్కు కారు పెట్టి, దానికి ఇంకో భాగం ఊడదీస్తుంది. వంద పేజీల ప్రేమలేఖల్లో లేని దగ్గరితనం ఆ తుక్కు కారులో ఉంది. ప్రేమ నెమ్మదిగా వస్తుంది, మొదటి పుస్తకంలో తేలదు. తొందరగా ముద్దులు కావాలనేవాళ్ళకి ఇది పనికిరాదు.

తొందరున్నవాళ్ళకి నళినీ సింగ్. ఫిజీలో పుట్టి న్యూజిలాండ్‌లో పెరిగిన భారతసంతతి రచయిత్రి. ఆమె సై-చేంజ్‌లింగ్ వరసలో మొదటిది 'స్లేవ్ టు సెన్సేషన్', అదీ 2006దే. అందులో ఒక జాతి మనుషులు పిచ్చీ హింసా తప్పించుకోడానికి తమలోంచి భావోద్వేగాల్నే తుడిచేసుకున్నారు. ఏడిస్తే, నవ్వితే, ప్రేమిస్తే లోపం కింద లెక్క, శిక్ష ఉంటుంది. ఆ జాతి పిల్ల శాశ, చిరుతగా మారే లూకస్. ఆమె అతన్ని ముట్టుకోవడమే నేరం. షరతు ఇంతకంటే బిగువుగా ఉండదు. సన్నివేశాలు వేడిగానే ఉంటాయి, పిల్లలకి కాదు.

దెయ్యంతో కాపురం

ఇది ఎప్పుడూ కష్టమైన రకం. చివర్లో దెయ్యం మళ్ళీ బతకాలి, లేదా ఇద్దరూ చావాలి, మూడోదారి లేదు. చాలామంది రచయితలు ఆఖరి అధ్యాయంలో ఏదో తాయెత్తు తెచ్చి దెయ్యాన్ని బతికించేస్తారు, నాకు ఒళ్ళు మండుతుంది. 1945లో ఆర్.ఎ. డిక్ పేరుతో వచ్చిన 'ద గోస్ట్ అండ్ మిసెస్ మ్యూర్' అలా దొంగదారి పట్టదు. భర్త పోయాక అత్తింటివాళ్ళ పెత్తనం తప్పించుకుని సముద్రం ఒడ్డున ఇల్లు అద్దెకి తీసుకున్న ఆవిడ, ఆ ఇంట్లో ఉండే ఓడ కెప్టెన్ దెయ్యం. ఆయన తన జీవితకథ చెప్తాడు, ఆవిడ రాస్తుంది, ఆ డబ్బుతో ఇల్లు నిలుస్తుంది. ముట్టుకోవడమే లేని ప్రేమ. నడివయసు దాటినవాళ్ళకి నేను ముందు ఇచ్చేది ఇదే.

ఈ కథలు పరాయి దేశం సరుకని కొట్టిపారేసేవాళ్ళకి గజపతి, రాయగడ కొండల్లో ఉన్న సవరల సంగతి తెలియదు. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూ వాళ్ళ భాష నేర్చుకుని నిఘంటువు రాసింది ఆ జనం కోసమే. సవర పూజారిణికి పాతాళలోకంలో ఒక భర్త ఉంటాడు. కలలోకి వచ్చి పెళ్ళాడమంటాడు, కాదంటే జబ్బు చేస్తుంది, ఒప్పుకున్నాక ఆమె ద్వారా చచ్చిపోయినవాళ్ళు బతికున్నవాళ్ళతో మాట్లాడతారు. ఆ భర్తతో పిల్లలు కూడా పుడతారంటారు, పైలోకంలో వేరే మొగుడున్నా సరే. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ సవరల మతం మీద 1955లో వేసిన పుస్తకంలో ఇదంతా ఓపిగ్గా రాశాడు. రొమాన్స్ కింద చదవొద్దు, అది వాళ్ళ మతం. 'ట్విలైట్' చేసిన పొరపాటు కూడా ఇలాంటిదే. క్విల్యూట్ అనేది అమెరికాలో నిజంగా ఉన్న తెగ, తమ మూలపురుషులు తోడేళ్ళనే కథ వాళ్ళకి ఉంది. దాన్ని పట్టుకుని చొక్కాలు లేని తోడేలు కుర్రాళ్ళని తయారుచేసింది. రేపు మనలో ఎవరైనా సవర పూజారిణిని నాయికగా పెట్టి నవల రాయబోతే, ముందు ఆ ఊళ్ళోకి వెళ్ళి ఒక పూట కూచుని రావడం మంచిది.

మంత్రగత్తెలు

డెబొరా హార్క్‌నెస్ 'ఎ డిస్కవరీ ఆఫ్ విచెస్' 2011లో వచ్చింది. ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ లైబ్రరీలో ఆష్మోల్ 782 అనే రాతప్రతి తెప్పించుకున్న చరిత్రకారిణి డయానా, పదిహేను వందల ఏళ్ళ వ్యాంపైర్ మాథ్యూ. రచయిత్రి స్వయంగా విజ్ఞానశాస్త్ర చరిత్ర చెప్పే ప్రొఫెసర్, కాబట్టి పాత కాగితాల గురించి రాసిన పేజీలు బంగారం. మాథ్యూ మాత్రం "నీ మంచికే" అంటూ అన్నిటికీ అడ్డుపడతాడు, నాకు ఓపిక చాలలేదు. చదువుకుంటున్నవాళ్ళకీ, లైబ్రరీ వాసన ఇష్టమైనవాళ్ళకీ ఇవ్వొచ్చు.

ఒక్క మాట. ఇంగ్లిష్ నవల్లో మంత్రగత్తె అంటే టీ తాగి పిల్లిని పెంచుకునే ముచ్చటైన మనిషి. మా వైపు కొండ ఊళ్ళలో చిల్లంగి, అంటే చేతబడి, చేసిందని ఒక ఆడమనిషి మీద నింద పడితే ప్రాణాల మీదికొస్తుంది. ఒడిశాలో 2013లో దీనికోసమే ప్రత్యేకంగా చట్టం చేయాల్సొచ్చింది. అందుకే మంత్రగత్తెని ఊరు తరిమే సీను వస్తే నాకు అది కాలక్షేపంగా అనిపించదు. మీకూ అనిపించకపోతే ఈ రకం వదిలేయండి, నష్టం లేదు.

కాలప్రయాణం

రెండే చెప్తాను. డయానా గబల్డన్ 'అవుట్‌లాండర్' 1991ది. 1945లో భర్తతో స్కాట్లాండ్‌కి విహారానికి వెళ్ళిన నర్సు క్లెయిర్, రాళ్ళవలయంలోంచి 1743లోకి పడిపోతుంది, అక్కడ జేమీతో పెళ్ళవుతుంది. ఇద్దరు మొగుళ్ళు, ఇద్దరూ మంచివాళ్ళే, మధ్యలో రెండు వందల ఏళ్ళు. చాలా లావు పుస్తకం. అత్యాచారాలున్నాయి, జేమీ ఆమెని బెల్టుతో కొట్టే ఘట్టం ఉంది, కొందరు అక్కడే ఆపేశారు. తట్టుకోగలిగినవాళ్ళకి వైద్యం, యుద్ధం, చలి అన్నీ కళ్ళకి కట్టిస్తుంది.

ఆడ్రీ నిఫెనెగర్ 'ద టైమ్ ట్రావెలర్స్ వైఫ్' 2003ది, ఒకే పుస్తకం చాలు. హెన్రీ షికాగోలో లైబ్రేరియన్, తన ప్రమేయం లేకుండా ఒంటిమీద నూలుపోగు లేకుండా వేరే ఏదో కాలంలోకి జారిపడిపోతాడు. క్లేర్‌కి తొలిసారి కనపడేటప్పటికి ఆమెకి ఆరేళ్ళు, అతనికి ముప్పైఆరు. అతనికి ఆమె తొలిసారి ఎదురయ్యేటప్పటికి అతనికి ఇరవై ఎనిమిది, ఆమెకి ఇరవై. ఆ మొదటి లెక్క కొంచెం ఇబ్బంది పెడుతుంది, పెట్టాలి కూడా. మొగుడు దూరదేశంలో పనికెళ్ళి ఎప్పుడొస్తాడో తెలియని ఇళ్ళు మా వైపు లెక్కలేనన్ని. సూరత్, గల్ఫ్, ఓడల ఉద్యోగాలు. మా పెద్దమ్మ "ఏటే, మళ్ళీ దెయ్యాల పుస్తకమేనా?" అంటూ ఈ కథ నా నోట విని, "ఇది దెయ్యాలది కాదే, ఇది మన ఇళ్ళల్లోదే" అంది. నా మొత్తం జాబితాలో నా పరీక్ష మొదటి ర్యాంకుతో పాసయ్యేది ఇదే.

కాగితమా, ఫోనా, చెవులా

ఇవన్నీ ఇంగ్లిష్ నవలలు. మా ఇళ్ళల్లో తెలుగు మాట్లాడి, బళ్ళో ఒడియా, ఇంగ్లిష్ చదివి, తెలుగు అక్షరాలు కూడబలుక్కునే పిల్లలకి ఇంగ్లిష్ పుస్తకమే సులువు. తెలుగు విని అర్థం చేసుకునేవాళ్ళకి ఫోన్‌లో ఆడియో కథలు, వారానికో భాగం వేసే ధారావాహికలు చాలానే ఉన్నాయి. వాటిలో మోహినులూ నాగకన్యలూ ఉంటారు, సాగదీత కూడా ఉంటుంది. ఐదు భాగాలు విన్నాక కూడా షరతేమిటో తెలియకపోతే ఆపేయండి.

ఫోన్‌లో కొనేముందు ఉచితంగా చదవనిచ్చే మొదటి అధ్యాయాలు చదవండి, ఆ కాస్తలోనే నాయకుడి ధోరణి తెలిసిపోతుంది. అయినా ఇంట్లో రెండు మూడు కాగితం పుస్తకాలు ఉండడం మంచిది. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు పోయి, ఛార్జింగ్ కరువై, ఫోన్ని టార్చిలైటు కోసం దాచుకున్నాం. నా ఇరుగుపొరుగంతా సూకీని కొవ్వొత్తి వెలుగులో చేతులు మార్చుకుని చదివారు. కొత్తవి ఖరీదనుకుంటే వైజాగ్ వెళ్ళినప్పుడు పాత పుస్తకాల కొట్లు చూడండి. మొదటి భాగం దొరక్కుండా మూడోది చవగ్గా వచ్చిందని మాత్రం కొనకండి.

ఎక్కడ ఆపాలన్నది ఈ సిరీస్‌ల్లో అసలు ప్రశ్న. నళినీ సింగ్‌వి ప్రతి పుస్తకానికీ వేరే జంట, ఎక్కడైనా ఆగొచ్చు. 'అవుట్‌లాండర్' 2021కి తొమ్మిది భాగాలైంది, మొదటి మూడూ చాలు. సూకీ 2013 దాకా పదమూడు వచ్చాయి, ముగింపు చూసి తిట్టుకున్న పాఠకులు బోలెడు. నాలుగోదాంట్లో మహా గర్విష్ఠి వ్యాంపైర్ ఒకడు మంత్రం తగిలి తానెవరో మర్చిపోయి సూకీ ఇంట్లో తలదాచుకుంటాడు. అది చదివి ఆపేయండి, లేదా ఆపలేకపోతే మిగతా తొమ్మిదీ నా దగ్గరున్నాయి.